వణికితే వణకనివ్వండి

రమణ తలకు తువ్వాలు చుట్టుకునేది ఎండకు కాదు, చెవుల్లో ఉన్న ఇయర్‌ఫోన్లు ఎవరి కంటా పడకూడదని. ఎడ్లను బయట కట్టేసి, కొట్టంలో టార్పాలిన్ కప్పి నిలబెట్టిన తన ట్రాలీ ఆటో పక్కన గోనెసంచి పరుచుకుని, తలుపుకు తవుడు బస్తా అడ్డం పెట్టి మరీ కూర్చునేవాడు. మా ఊళ్లో గుడుంబా తాగేవాడు కూడా అంత జాగ్రత్త పడడు.

ఫోన్లో ఒకామె మెత్తగా చెబుతూ ఉంటుంది. "కళ్లు గట్టిగా మూయకండి. మీ పాదాల కింద నేల ఉంది, దాన్ని గమనించండి. ఊపిరి మెల్లగా వదలండి. ఒళ్లు వణికితే వణకనివ్వండి, ఆపకండి. లోపల ఆగిపోయిన భయం బయటికి వచ్చే దారి అది."

చాలా రోజులు ఏమీ వణకలేదు. ఆమె చెబుతుంటే రమణకు నిద్ర వచ్చేది, లేదా ఎడ్లకు గడ్డి వేశానా లేదా అని గుర్తొచ్చేది. ఆ పొద్దున మాత్రం నిజంగానే వణికింది. మొదట తొడలు, తర్వాత భుజాలు, ఆపైన దవడలు. పళ్లు టకటక కొట్టుకున్నాయి. ఆమె ఆపవద్దంది కదా అని రమణ ఆపలేదు. సరిగ్గా అప్పుడే బొజ్జయ్య పగ్గం అడుక్కుపోదామని వచ్చి తలుపు నెట్టాడు. తవుడు బస్తా పక్కకు ఒరిగింది.

బొజ్జయ్య మా ఊరి ముత్యాలమ్మకు పూజ చేసే పెద్దాయన. ఆయన చూపు ఎప్పుడూ అమ్మవారి మీదే. అలాంటి మనిషికి సగం మూసిన కళ్లు, ఎగిరెగిరి పడే ఛాతీ, టకటకలాడే పళ్లు కనబడితే ఇంకేం తోస్తుంది? చెప్పులు బయట విడిచి, రెండు చేతులూ జోడించి గొంతు చించుకున్నాడు.

"అమ్మొచ్చిందిరో! పసుపు నీళ్లు తేండ్రి! జల్దీ!"

రమణ కళ్లు పూర్తిగా తెరిచేసరికి కొట్టం నిండా జనం. ఒకరు కాళ్ల మీద పసుపు నీళ్లు పోస్తున్నారు, ఒకరు చేతిలో వేపమండ పెట్టారు. తువ్వాలు కింద ఇయర్‌ఫోన్లలో ఆమె ఇంకా "మీరు క్షేమంగా ఉన్నారు" అని చెబుతూనే ఉందట. ఆ గుంపులో నేనూ ఉన్నాను. కిరాణా కొట్టుకు తాళం కూడా వేయకుండా పరుగెత్తుకొచ్చి దండం పెట్టాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది గానీ, ఆ పూట నా కళ్లల్లో నీళ్లు తిరిగిన మాట నిజం.

"ఎవరు తల్లీ నువ్వు? మా ముత్యాలమ్మవేనా?" అని బొజ్జయ్య అడిగాడు.

రమణ నోరు విప్పలేదు. విప్పి ఏమని చెప్తాడు, భయం పోవడానికి ఫోన్లో పాఠం వింటున్నాననా? మన దగ్గర మగాడికి నడుం నొప్పి రావచ్చు, షుగర్ రావచ్చు, తాగి రోడ్డు మీద పడిపోవడానికి కూడా ఎవరూ అడ్డు చెప్పరు. భయం మాత్రం రాకూడదు. వచ్చిందని తెలిస్తే మెంటలోడని పేరు పెట్టి, ఆ పేరుతోనే కాటి దాకా సాగనంపుతారు. అందుకని రమణ ఊరుకున్నాడు. ఆయన ఊరుకోవడం మాకు ఔనన్నట్టే వినబడింది.

అప్పుడు బొజ్జయ్య మా అందరి వైపూ తిరిగి ఒక మాట అన్నాడు. "పగిడయ్య పోయినంక తల్లి ఎవరి మీదికి రాలె. ఆఖరికి ఆయన పక్కన కూసున్నోని మీదికే వచ్చింది. సూసిండ్రా?"

మేం ఆహా అన్నాం. రమణ ముఖం తెల్లబోయింది. అది కూడా అమ్మవారి మహిమే అనుకున్నాం.

పగిడయ్య గురించి చెప్పాలి. మా ఊరి ముత్యాలమ్మ పలికేది ఆయన నోటితోనే. విత్తనాల పండగకు డప్పు మోగగానే కాళ్లకు ఇత్తడి గజ్జెలు, నడుముకు పసుపు గుడ్డ కట్టుకుని ఊగేవాడు. వాన ఎప్పుడు పడుతుందో, ఏ చేలో అడవి పందులు పడతాయో చెప్పేవాడు. చెప్పినవి సగం జరిగేవి కావు. ఎవరం పట్టించుకునేవాళ్లం కాదు, ఎందుకంటే ఆయన "నేనున్న బిడ్డా" అంటే గుండె నిబ్బరపడేది. మిగతా రోజుల్లో మా అందరిలాగే కూలికి పోయేవాడు. రమణకు వరసకు బావ.

పోయినేడు మిరప సీజన్లో రమణ ట్రాలీలో కూలీలంతా కల్లూరు వైపు చేలల్లో కాయ ఏరడానికి పోయి, మునిమాపు వేళ వాపసు వస్తున్నారు. రోడ్డు మీద లైటు లేకుండా ఆగి ఉన్న లారీని తప్పించబోయి రమణ స్టీరింగ్ తిప్పాడు. ట్రాలీ కాలవలోకి బోల్తా కొట్టింది. వెనక కూర్చున్న ఆడవాళ్లు అవతలి చేలో ఎగిరిపడి దెబ్బలతో బయటపడ్డారు. డ్రైవర్ పక్కన కూర్చున్న పగిడయ్య బండి కింద ఇరుక్కుని ప్రాణం వదిలాడు. తప్పు లారీదని పోలీసులు తేల్చారు. రమణకు సోయి తప్పిందని ఊరంతా అనుకుంది, పాపం అని జాలిపడింది కూడా.

రమణకు సోయి తప్పలేదు. అందరితో పాటు నేనూ తర్వాత విన్న సంగతి ఇది. బండి ఒరిగేటప్పుడే బయటికి ఎగిరిపడి, లేచి రోడ్డు అంచున నిలబడే ఉన్నాడు, ఒంటి మీద గీత కూడా పడలేదు. కాలవలో నుంచి పగిడయ్య ఒక చెయ్యి పైకి చాపి, "రమణా, చెయ్యియ్యి" అన్నాడు. వంగితే అందేంత దూరం. రమణకు అన్నీ కనబడుతున్నాయి, అన్నీ వినబడుతున్నాయి. కాళ్లు మాత్రం కదల్లేదు, చెయ్యి లేవలేదు. ఆడవాళ్లు చేలో నుంచి కుంటుకుంటూ వచ్చేసరికి ఆ చెయ్యి వాలిపోయింది. అప్పుడు రమణ రోడ్డు మీద కూలబడ్డాడు. వాళ్లు చూసింది కూలబడిన రమణనే.

ఆ రోజు నుంచి ట్రాలీ తాళం చెవి ముట్టలేదు. ఎక్కడో జూలూరుపాడు రోడ్డు మీద లారీ హారన్ కొడితే ఇక్కడ ఈయన దారి దిగి నిలబడిపోయేవాడు. ఎవరైనా అడిగితే నడుం నొప్పి అనేవాడు. ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికి నడుం పట్టుకుని నడిచేవాడు. ఒకసారి గోళీల కోసం సబ్ సెంటర్‌కు పోయాడు. నర్సు ఆఫియా కొత్తగూడెం నుంచి బస్సులో వచ్చిపోయే అమ్మాయి. ఎక్కడ నొప్పి అని ఆమె నొక్కి చూస్తుండగా బయట లారీ పెద్దగా హారన్ కొట్టింది. రమణ బల్ల మీంచి దూకి గోడకు అతుక్కుపోయాడు.

ఆఫియా నవ్వలేదు. మంచినీళ్లు ఇచ్చి, ఆయన ఊపిరి కుదుటపడేదాకా ఆగింది.

"ఇది నడుం నొప్పి కాదన్నా," అంది. "అయిపోయిందని నీ తలకాయకు తెల్సు. నీ ఒంటికి ఇంక తెల్వలె. మెల్లగ దానికి నువ్వే చెప్పుకోవాలె."

కొత్తగూడెంలో మనసు డాక్టర్ ఉన్నాడు, తీసుకుపోతానంది. పిచ్చి డాక్టర్ దగ్గరికి నేను రానంటే రానన్నాడు రమణ. సరే, అప్పటిదాకా ఇది చెయ్యి అని ఆమె ఫోన్‌కు ఆ రికార్డింగ్ పంపింది. "ఒళ్లు తట్టుకోకపోతే ఆపెయ్యి, నాకు ఫోన్ చెయ్యి. ఇంట్ల వదినకు చెప్పి చెయ్యి" అని మరీ మరీ చెప్పింది. ఈయన చివరి మాట ఒక్కటి వదిలేసి మిగతావన్నీ విన్నాడు.

అమ్మవారు వచ్చిందన్నాక మా తీరు చూడాలి. కాలికి ముల్లు గుచ్చుకుంటే నెల పండుకునే రకం అని రమణను ఆడిపోసుకున్న భద్రయ్య, ఇప్పుడు దారిలో ఎదురైతే చెప్పులు విడిచేవాడు. నా కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్లు లేచి చోటిచ్చేవాళ్లు. ఎవరో ఒకరు టీ తెచ్చి చేతికిచ్చేవాళ్లు. రమణ సిగ్గుపడుతూనే ఆ టీ తాగేవాడు. ఇంకా పెద్ద సిగ్గు ఏమిటంటే, అది ఆయనకు కాస్త బాగుండేది. ఏడాది తర్వాత తనను మనిషిగా చూస్తున్నారు. ఆ మర్యాద ఎవరిదో, తనకు ఎట్లా వచ్చిందో ఆయనొక్కడికే తెలుసు. తాను చెయ్యి ఇవ్వక పోగొట్టిన మనిషి చోటులో తనను కూర్చోబెడుతున్నారు.

రమణ భార్య యశోదకు సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. మొగుడి తువ్వాలు ఉతకబోతే ఇయర్‌ఫోన్లు చేతికి తగిలాయి. ఫోన్ తీసి, చెవిలో పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా నిలబడి వింది. తర్వాత కొట్టంలోకి వెళ్లింది.

"గిదా నీ అమ్మవారు?"

రమణ తల వంచుకున్నాడు. "నర్సమ్మ ఇచ్చింది. భయం పోతదన్నది."

"దేని భయం?"

రమణ లేచాడు. "పోయి బొజ్జయ్య తాతకు చెప్పొస్త. నా మీద ఏం లేదని" అన్నాడు.

"ఏమని చెప్తవ్? అమ్మవారి పేరు పెట్టి ఆటలాడిండు అంటరు. లేకపోతే మెంటల్ అంటరు. నేను నల్లా కాడ తల ఎట్లెత్తాలె? విత్తనాల పండగ దగ్గరికొచ్చింది, ఆ ఒక్క దినం గడవనియ్యి. వచ్చే ఏడు అమ్మవారు ఇంకొకరిని చూసుకుంటది." యశోద గొంతు తగ్గించింది. "పిచ్చోని పెండ్లాం అనిపిచ్చుకునుడు కంటే ఇదే నయం."

అనేశాక తనకే మనసు చివుక్కుమంది. తువ్వాలు తీసుకుపోయి బండ మీద చినిగేదాకా బాదింది.

పండగ ముందు రోజు జంపక్క నుంచి కబురొచ్చింది. జంపక్క పగిడయ్య భార్య. మొగుడు పోయాక పనికి తప్ప గడప దాటని మనిషి. ఆయన గజ్జెలు, పసుపు గుడ్డ తన దగ్గరే ఉన్నాయని, తన చేతులతోనే రమణ కాళ్లకు కడతానని చెప్పి పంపింది. ఆ పూట రమణ అన్నం ముట్టలేదు. ఉపవాసం ఉంటున్నాడని మేం చెప్పుకున్నాం.

మా విత్తనాల పండగ తీరు ఇది. తొలకరి పడగానే ప్రతి ఇంటి నుంచి దోసెడు విత్తనాలు తెచ్చి ముత్యాలమ్మ గద్దె ముందు గుట్టగా పోస్తాం. అమ్మవారు ఒంటి మీదికి వచ్చిన మనిషి వాటిని కలిపి, మళ్లీ దోసెడు దోసెడు ఇంటింటికీ పంచాలి. ఆ గింజలు చేతిలో పడ్డాకే అరకలు కదులుతాయి. పోయినేడు పంచే మనిషి లేక పండగే చేసుకోలేదు. అందుకే ఈసారి జనం విరగబడి వచ్చారు.

డప్పు మోగింది. రమణ గద్దె ముందు వేపమండ పట్టుకుని నిలబడ్డాడు. పిలవని రోజు కొట్టంలో తనంతట తానే వచ్చిన వణుకు ఆ రోజు రాలేదు. డప్పు జోరందుకుంది. రాలేదు. బొజ్జయ్య సాంబ్రాణి పొగ ముఖానికి పట్టాడు. దగ్గు వచ్చింది గానీ వణుకు రాలేదు. ఊరంతా రెప్ప వేయకుండా చూస్తోంది. చివరకు రమణ తనే భుజాలు ఊపాడు. తనే పళ్లు కొట్టించాడు. "అమ్మా" అని జనం దండాలు పెట్టారు. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎన్నడూ పడలేదని తర్వాత యశోదతో అన్నాడట. బావకు చెయ్యి ఇవ్వాల్సిన రోజు మాట వినని ఒళ్లు, అబద్ధం ఆడాల్సిన రోజు చెప్పినట్టల్లా విన్నది.

జంపక్క ముందుకొచ్చింది. రమణ ముందు నేల మీద కూర్చుని మూట విప్పింది. గజ్జెలు చింతపండుతో తోమినట్టుంది, తళతళలాడుతున్నాయి. ఒక్కో కాలికి ఓపికగా కట్టింది. నడుముకు పసుపు గుడ్డ చుట్టింది. లేచి చేతులు జోడించింది.

"తల్లీ, గింజలు తర్వాత పంచుదువు. నాదొక్క మాట ఉన్నది. నా మొగడు ఇన్నేండ్లు నీకు ఊడిగం జేసిండు. ఆయన పోయేటప్పుడు నువ్వు ఆడ ఉన్నవా? ఒక్కడే పోయిండా? ఎవరన్న చెయ్యి పట్టుకున్నరా ఆయనది?"

డప్పు ఆగిపోయింది. జవాబు చాలా చిన్నది. 'నేనే పట్టుకున్న బిడ్డా' అంటే చాలు. జంపక్క ఆ రాత్రి నుంచి నిద్రపోతుంది. ఊరు గింజలు తీసుకుని ఇళ్లకు పోతుంది. మేమంతా ఆ మాట కోసమే చూస్తున్నాం. ఆ మాట చెప్పడానికే రమణ నోరు తెరిచాడు.

గజ్జెలు మోగాయి. ఊగితే వచ్చే మోత కాదు. సన్నగా, గబగబా, ఆగకుండా మోగాయి. రమణ కాళ్లు నిజంగా వణుకుతున్నాయి. ఆయన తల వంచి తన పాదాల వైపు చూసుకున్నాడు. పాదాల కింద తడి మట్టి ఉంది. ఊపిరి మెల్లగా వదిలాడు.

"అక్కా," అన్నాడు.

అమ్మవారు ఎవరినీ అక్కా అనదు. ముసలివాళ్లనైనా బిడ్డా అనే అంటుంది. బొజ్జయ్య సాంబ్రాణి పళ్లెం కింద పెట్టేశాడు.

"నా మీద అమ్మవారు లేదు అక్కా. ఎప్పుడు రాలె. ఈ వణుకుడు భయానిది. ఆ దినం నేను సోయిల్నే ఉన్న. బావ చెయ్యి చాపిండు. రమణా, చెయ్యియ్యి అన్నడు. నేను ఇయ్యలె. కాళ్లు కదల్లె. ఎందుకు కదల్లెనో ఇప్పటికి నాకు తెల్వది."

ముందుగా భద్రయ్య కొట్టడానికి లేచాడు. బొజ్జయ్య రమణ చేతిలోని వేపమండ గుంజుకున్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అందరికంటే గట్టిగా నేనే తిట్టి ఉంటాను, కొట్టంలో దండం పెట్టిన సంగతి గుర్తొచ్చిన కొద్దీ నా గొంతు లేచింది. జంపక్క ఒక్కతే కదలకుండా నిలబడింది.

"ఎంతసేపు చాపిండు?" అని అడిగింది.

"ఆడోళ్లు వచ్చేదాక" అన్నాడు రమణ.

జంపక్క మళ్లీ నేల మీద కూర్చుంది. గజ్జెల ముళ్లు విప్పడం మొదలుపెట్టింది. కాళ్లు వణుకుతుంటే ముళ్లు చిక్కుపడ్డాయి, చాలాసేపు పట్టింది. మేమెవరం సాయం పోలేదు. పసుపు గుడ్డలో గజ్జెలు మూటకట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది. గింజలు బొజ్జయ్యే పంచాడు. తిట్టుకుంటూ పంచాడు.

ఆ తర్వాత రమణ మా కొట్టు వైపు రాలేదు. పిల్లలు రోడ్డు మీద పళ్లు కొట్టించుకుంటూ ఆయన ఆట ఆడారు. నల్లా దగ్గర యశోద బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు జరుపుకున్నారు. ఆమె మాత్రం తల ఎత్తుకునే నిలబడింది. "పిచ్చోడైతే పిచ్చోడు, నా మొగడు. దవాఖానాకు నేనే తీస్కపోత" అని అడగకుండానే అందరికీ చెప్పింది. రమణ తనే ఆఫియాకు ఫోన్ చేసి, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు రమ్మంటావని అడిగాడు. కొట్టం తలుపుకు తవుడు బస్తా అడ్డం పెట్టడం మానేశాడు. తలకు తువ్వాలూ చుట్టుకోవడం లేదు.

మిగతాది యశోద చెప్పింది. ఒక పొద్దున రమణ గోనెసంచి మీద కూర్చుని ఉండగా జంపక్క నేరుగా కొట్టంలోకి వచ్చింది. ఏం గొడవ జరుగుతుందో అని యశోద పేడ చేతులతోనే పరుగెత్తి గుమ్మంలో నిలబడింది.

"ఆ ఫోన్ల ఆమె ఏం చెప్తది?" అని జంపక్క అడిగింది.

రమణ ఆమె ముఖం చూడలేకపోయాడు. "ఊపిరి ఎట్ల తీసుకోవాలె, కాళ్ల కింద నేల ఎట్లున్నది, గిట్లాంటియి."

"నాకు గూడ పెట్టు. పండుకుంటే ఛాతి మీద బండ పెట్టినట్టుంటది నాకు. ఆయన పోయిన కాడి నుంచి గట్లనే ఉన్నది." అంటూనే వేలు చూపించింది. "నీ మీద కోపం పోయి వచ్చిననుకోకు."

"అవ్ అక్కా. అనుకోను."

ఇయర్‌ఫోన్లు తీసేసి ఫోన్ సౌండ్ గట్టిగా పెట్టి ఇద్దరి మధ్యా నేల మీద ఉంచాడు. జంపక్క ఇంకో గోనెసంచి దూరంగా జరుపుకుని కూర్చుంది. ఊపిరి పీల్చుకోండి అని ఫోన్లో ఆమె చెబితే, "పీల్చకుంట ఇంతదాక బతికినమా?" అని విసుక్కుంది. కాసేపటికి విసుక్కోవడం ఆపింది. ఒళ్లు వణికితే వణకనివ్వండి అనే చోటికి వచ్చేసరికి, ముసలి భుజాలు రెండూ కదిలాయి. కొంగు నోట్లో కుక్కుకుంది. రమణ తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, నేల వైపే చూస్తూ ఉండిపోయాడు.

రికార్డింగ్ అయిపోయింది. జంపక్క ముఖం తుడుచుకుని లేవబోయింది, మోకాళ్లు పట్టేశాయి. ట్రాలీ అంచు పట్టుకుని చూసింది, లేవలేకపోయింది. యశోద అడుగు ముందుకు వేయబోయేంతలో, జంపక్క రమణ వైపు చూడకుండానే చెయ్యి చాపింది.

"లేపు. పొద్దెక్కింది, పనికి పోవాలె."

రమణ ఆ చేతి వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. యశోద గుమ్మంలోనే ఆగిపోయింది. జంపక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రమణ చెయ్యి ఒళ్లో నుంచి లేచింది, వణుకుతూనే ఆమె అరచేతి దాకా పోయింది.

"గట్టిగ పట్టు," అంది జంపక్క.